వైకాశిలో ట్యూలిప్పులు

ట్యూలిప్పులు ఎప్పుడు పూస్తాయో నాకు తెలుసు. మార్చి ఆఖర్న మొదలవుతాయి, ఏప్రిల్ నడిమికి చేలన్నీ నిండిపోతాయి, మే సగమయ్యేసరికి చూడ్డానికి ఏమీ మిగలదు. నెదర్లాండ్స్‌కు పూల కోసం వెళ్ళేవాళ్ళు ఏప్రిల్‌లో వెళ్ళాలి. తెలియక చేసిన తప్పయితే ఇన్నాళ్ళ తర్వాత కూర్చుని ఇంత రాసేవాణ్ణి కాదు. తెలిసే చేశాను.

ట్రావెల్ ఆఫీసుల్లో కొత్తగా చేరిన పిల్లలు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు, ఏ దేశానికి ఏ నెల మంచిది సార్ అని. అది మీ ఫోనే చెబుతుంది, నాకంటే బాగా చెబుతుంది. నేను చెప్పగలిగింది వేరే. ఆ నెల మంచిది కాదని తెలిసి కూడా జనం ఎందుకు బయల్దేరతారో, వాళ్ళకు తోడుగా వెళ్ళినవాడి గతి ఏమవుతుందో, అది చెప్పగలను.

మా ఆఫీసు వేలూరులో పాత బస్టాండుకు దగ్గర, టీ కొట్టు మీది మేడ. వైద్యం కోసం ఎక్కడెక్కడి నుంచో మా ఊరు వచ్చేవాళ్ళకు కాట్పాడి నుంచి తిరుగు రైలు టికెట్లు చూసిపెట్టడమే మాకు అన్నం పెట్టే పని. యూరప్ అనేది గోడ మీద పోస్టరు. ఎవరైనా ఆ పోస్టరు కేసి చూస్తే మా ఓనరు వాళ్ళను నా బల్ల దగ్గరికి పంపేవాడు. నాకు మాటలు వచ్చు. స్విట్జర్లాండ్ మంచు గురించి చెబుతూ నేను అరచేతులు రుద్దుకుంటే, వేలూరు ఎండలో కూర్చున్న మనుషులు ఫ్యాను తగ్గించమనేవాళ్ళు. నేను అప్పటిదాకా చూసిన అతి చల్లటి చోటు ఏలగిరి. అదీ స్వెట్టరు లేకుండా.

రిటైరయ్యేలోపు ఒక్కసారైనా విమానం ఎక్కాలని నాకు ఉండేది. గుంపు పెద్దదయితే వాళ్ళకు తోడుగా ఆఫీసు నుంచి ఒకరిని పంపుతారు. "గుంపు కుదిర్చినవాడే పోవచ్చు" అని ఓనరు అన్నాడు. ఈ కథలో నేను ఆడిన అబద్ధాలన్నింటికీ వేరు ఆ ఒక్క మాటలో ఉంది.

గుంపు గుడియాత్తం నుంచి వచ్చింది. అక్కడొక మేస్త్రి ఉన్నాడు. మేస్త్రి అన్నది అలవాటు కొద్దీ పిలుపే, నిజానికి పెద్ద కాంట్రాక్టరు. ఆయన కట్టిన ఇల్లు లేని వీధి ఆ ఊళ్ళో వెతకాలి. చిన్నతనంలోనే తల్లీతండ్రీ పోతే అక్క పెంచింది. ఆమె బజారు వీధిలో పూలమ్మింది. పొద్దున్నే బుట్టతో కూర్చుంటే, దీపాలు పెట్టేవేళకు మూరలు కొలవడం ముగిసేది. తమ్ముడు ఇసుక మోసి, ఇటుక మోసి, చివరికి ఇళ్ళు కట్టే స్థితికి వచ్చాక కూడా ఆమె ఇది కావాలని నోరు తెరిచి అడగలేదట. ఒక్కసారి అడిగింది. ఆయన ఇంట్లో సిమెంటు కొట్టువాళ్ళిచ్చిన క్యాలెండరు ఉంది. అందులో ఎర్రటి, పసుప్పచ్చటి పూల చాళ్ళు చూపు ఆనినంత దూరం ఉన్నాయి.

"ఇది నిజంగా ఉండాదాప్పా, లేకుంటే గీసినారా?" అని ఆమె తమ్ముణ్ణి అడిగిందట.

"నిజమే అక్కా. చూపిస్తా" అన్నాడట ఆయన.

మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నేను కూడా అడిగాను, జీవితమంతా పూల మధ్యనే ఉన్నారు కదా, మళ్ళీ పూలేనా అని. ఆమె నవ్వింది.

"నేను పూలు యాడ చూసినాను నాయనా? మల్లి మొగ్గగా ఉన్నప్పుడే కోస్తారు. తెల్లారకముందే మూటగట్టి మా దగ్గిరికి వచ్చేస్తాయి. విచ్చిపోతే ఎవురు కొంటారు? చెట్టు మీద పూసి, చెట్టు మీదనే ఉండేటివి చూడల్ల నాకు. అంతే."

అంతే. ఇది గుర్తుపెట్టుకోండి, నేను మరిచిపోయినట్టు మీరు మరిచిపోకండి.

నెల కుదిర్చే సమావేశం మేస్త్రి ఇంటి హాల్లో జరిగింది. ఆయన, ఆయన భార్య, అక్క, బియ్యం మండీ ఆయన, మండీ ఆయన భార్య, ఇంకొందరు బంధువులు, అందరూ చాపల మీద. నాకు మాత్రం కుర్చీ వేశారు. నేను మొదట నిజమే చెప్పాను. దేవుడి సాక్షిగా ఏప్రిల్ అనే అన్నాను.

"ఏప్రిల్‌లో యాడ కుదురుతాదప్పా?" అన్నాడు మేస్త్రి. "ఇండ్లకు సెంట్రింగు కొట్టి పెట్టినాను. కాంక్రీటు పొయ్యకుండా నేను విమానం ఎక్కితే, ఇంటిగలోళ్ళు దాని రెక్క పట్టుకోని దించుతారు."

"పిల్లోళ్ళకు పరీచ్చలు" అంది ఆయన భార్య.

"చిత్తిర ఒకటో తేదీ, సంవత్సరాది, మండీలో పూజ. నేను లేకుంటే మా తమ్ముడు పూజ చేసి, నేనే ముదలాళి, మండీ నాదే అంటాడు" అన్నాడు మండీ ఆయన.

"అయితే చిత్తిర నడిమిలో పెట్టుకుందాం. ఏప్రిల్ ఆఖరు. పూలు బాగానే ఉంటాయి" అన్నాను.

"కాపు!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

గుడియాత్తం గంగమ్మ శిరసు తిరునాళ్ళ తమిళ నెల వైకాశి ఒకటో తేదీన, అంటే మే నడిమిలో వస్తుంది. అమ్మవారి శిరసు వీధులన్నీ తిరిగి గుడి చేరేదాకా ఊళ్ళో ఎవరికీ వేరే ధ్యాస ఉండదు. దానికి ముందే అమ్మవారి పేర కాపు, అంటే పసుపు దారం, కడతారు. కాపు కట్టాక తిరునాళ్ళ ముగిసేవరకూ ఊరు దాటి రాత్రి పడుకోకూడదని ఆ వీధులవాళ్ళ పట్టింపు. వేలూరుకు పెళ్ళికి వచ్చినా భోజనం సగంలో గడియారం చూసుకుంటారు. బస్సు తప్పితే ఆటో మాట్లాడుకుని అయినా ఇల్లు చేరతారు.

మండీ ఆయన భార్య కాస్త ఆలోచించింది. "పొద్దున పొయ్యి రాత్రికి వచ్చేసే విమానం లేదాప్పా?"

లేదని చెప్పాను. ఆమెకు మా ఆఫీసు మీద గౌరవం తగ్గింది.

"ఇంగేముండాది, శిరసు అయిన మర్నాడు బయల్దేరదాము" అన్నాడు మేస్త్రి. "ఎంతప్పా, నాలుగు దినాలు అట్ల, ఇట్ల. ఇక్కడ కత్తిరి ఎండ తప్పించుకున్నట్టూ ఉంటాది. పూలు ఉంటాయి గదా?"

అందరూ నా వైపు చూశారు. ఉండవు అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణంలో నాకు విమానం కిటికీ కనిపించింది, దాని పక్కన నేను కనిపించాను.

"ఉంటాయి మేస్త్రీ" అన్నాను. "అది చలి దేశం. ఫ్రిజ్‌లో పెట్టినట్టు ఉంటాయి. వాడవు."

"తెంపిన పూలను గదా నాయనా ఫ్రిజ్‌లో పెట్టేది?" అంది అక్క.

"అక్కడ చేనే ఫ్రిజ్ అక్కా!"

హాలంతా నవ్వింది. నా చమత్కారానికి నేనే మురిసిపోయి కాఫీ ఇంకో గ్లాసు అడిగి తాగాను. ఇన్నేళ్ళలో ఆ కాఫీ రుచి గుర్తొచ్చినప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది.

ఆఫీసులో నా ఎదురు సీటు ఆయన నాకంటే వయసులో చిన్న, బుద్ధిలో పెద్ద. పుట్టుకతో తమిళం, నాతో పోట్లాడడానికే తెలుగు నేర్చుకున్నాడు. తేదీ విని పెన్ను కింద పెట్టేశాడు.

"వేండాం, వద్దు సార్. పాపం సార్. ఆ టైంకి అక్కడ ఒట్టి ఆకు ఉంటుంది. చెప్పేయండి."

"చెబుతానులే."

కొన్నాళ్ళకు మళ్ళీ అడిగాడు. "చెప్పేశారా?"

"చెప్పేశాను. అయినా పర్లేదన్నారు."

అబద్ధంలో ఉన్న ఇబ్బంది ఇదే. ఒకరికి చెబితే సరిపోదు, పక్కవాళ్ళకు కూడా పంచాలి.

ఒక ఆదివారం మాత్రం నిజంగానే చెప్పేద్దామని గుడియాత్తం బస్సెక్కాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. తలుపు తీసేసరికి హాల్లో అక్క కనిపించింది. చీర కింద తెల్లటి బూట్లు, మీద స్వెట్టరు, మెడకు మఫ్లరు. బయట ఎండకు తారు కరుగుతోంది. ఆమె ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తోంది, అడుగులు లెక్కపెట్టుకునే పాపాయిలా జాగ్రత్తగా.

"బూట్లు పాదాలకు అలవాటు కావల్ల గదా నాయనా" అంది చెమట తుడుచుకుంటూ. "అక్కడ పూల గట్ల మింద జారితే మీ పరువు పోతాది."

నేను భోంచేసి వచ్చేశాను. పప్పు బాగుందని మాత్రం చెప్పాను.

ఇక ప్రయాణం. శిరసు అయిన మర్నాడు, ఒంటి మీద పసుపు ఆరకముందే అందరూ చెన్నైలో విమానం ఎక్కారు. కిటికీ పక్క సీటు నాకే వచ్చింది. మేఘాలు తప్ప ఏమీ కనపడలేదు. నాకు కావలసిన శిక్ష అప్పుడే మొదలైందని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగిన రోజు నుంచి నా పని ఒకటే, పూలను వాయిదా వేయడం. మొదట గాలిమరలు చూపించాను. తర్వాత జున్ను చేసే చోటు. తర్వాత చెక్క చెప్పులు చెక్కే చోటు. కాలవలో పడవ. మళ్ళీ ఇంకో జున్ను చేసే చోటు.

"పూలు యాడ నాయనా?" అని అక్క అడిగేది.

"రేపక్కా."

"జున్ను నిన్ననే తింటిమి గదప్పా?" అనేవాడు మండీ ఆయన.

"అది ఆవు. ఇది మేక."

మేస్త్రిని మాత్రం సంబాళించనక్కరలేకపోయింది. ఆ ఊళ్ళో కాలవల పక్కన పాత ఇళ్ళు కొన్ని ముందుకు ఒరిగి, కొన్ని పక్కింటి మీద ఆనుకుని ఉంటాయి. మన మేస్త్రి పడవలోంచి లేచి నిలబడ్డాడు. బొటనవేలు ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు.

"తూకు గుండు పట్టలేదప్పా వీళ్ళు! గోడ నిట్టంగా ఉండాదా లేదా అని చూసిన పాపాన పోలేదు. ఎవుడప్పా మేస్త్రి? పిలువు వాణ్ణి!"

అవి వందల ఏళ్ళ నాటివని, ఆ మేస్త్రి ఎప్పుడో పోయాడని చెప్పాను.

"పోతాడు, పోక ఏం చేస్తాడు" అని కూర్చున్నాడు. ఆ రోజంతా ఆయన ముఖం కళకళలాడింది.

ఇంకో తంటా సాయంత్రాలు. అక్కడ ఆ నెలలో రాత్రి భోజనాలయ్యాక కూడా పొద్దు ఉంటుంది. మండీ ఆయన భార్య కరెంటు కుక్కరులో అన్నం వండి వడ్డిస్తే ఎవరూ తినలేదు. "పొద్దు గూకనీమ్మా, ఇప్పుడే గదా మధ్యాన్నం తింటిమి" అని అందరూ కిటికీ దగ్గర కూర్చున్నారు. పొద్దు గూకేసరికి అన్నం చల్లారింది. కుక్కరునూ, సూర్యుణ్ణీ, నన్నూ కలిపి ఆమె ఒకే వాక్యంలో తిట్టింది.

చివరికి జున్ను చేసే చోట్లు అయిపోయాయి. ప్రయాణం కాగితం మీద పూల చేలు తప్ప ఏమీ మిగలని రోజు వచ్చింది. బస్సు నడిపేది ఒక పొడుగాటి డచ్చి ఆయన. పొద్దున్నే ఆయన్ను పక్కకు పిలిచి, చేల దారి కాకుండా వేరే దారి ఉందా అని అడిగాను.

"ఎందుకు?" అన్నాడు.

"పూలు లేవు కదా."

"అవును, లేవు. అది వాళ్ళకు తెలుసా?"

నేను చేతిలోని కాగితం మడతపెట్టాను. ఆయన నన్ను పై నుంచి కిందికి చూశాడు. వాళ్ళ భాషలో ఏదో ఒక చిన్న మాట అన్నాడు. అర్థం అడగలేదు, అవసరం కాలేదు.

బస్సు చేల మధ్యకు వచ్చింది. రోడ్డుకు రెండు వైపులా గీత గీసినట్టు చాళ్ళు. ఆకుపచ్చ, అక్కడక్కడా పండుబారిన పచ్చ. అంత నేలలో ఒక్క పువ్వు లేదు. బస్సులో అప్పటిదాకా చింతపండు పులిహోర పొట్లాల చప్పుడు వినిపిస్తోంది. అది ఆగింది.

"ఇది ఉల్లిగడ్డ చేను మాదిరి ఉండాదే" అన్నాడు మండీ ఆయన.

"బండి ఆపమను నాయనా" అంది అక్క.

ఆపారు. ఆమె దిగింది, తెల్ల బూట్లతో, జాగ్రత్తగా. మేమంతా వెనక. చేను మూల ఒక రైతు ట్రాక్టరు దగ్గర ఏదో బిగిస్తున్నాడు. ఆయన పక్కన ఒక కుప్ప, మోకాలెత్తు, గోధుమ రంగులో కుళ్ళుతూ. అక్క వంగి అందులోంచి ఒకటి తీసింది. పూరేకు. ఇంకొకటి తీసింది. ఆ కుప్పంతా పూలే.

"ఎవురు కోసినారని అడుగు."

అడిగాను. రైతు ఇంగ్లీషులో చెప్పాడు. ఆయనకు కావలసింది నేలలో ఉండే గడ్డ. దాన్నే అమ్ముతాడు. పువ్వు నిలిస్తే గడ్డ బలవదు. అందుకని పూసిన కొన్నాళ్ళకే యంత్రంతో తలలు కోయించి పారేస్తాడు. అది నెల కిందటి మాట.

నేను తెలుగులో చెబుతుంటే అక్క కళ్ళు పెద్దవయ్యాయి.

"గడ్డ కోసరం పూలు పారేస్తివా?" అని ఆమె నేరుగా ఆయననే అడిగింది, తెలుగులోనే. "ఇంత మంచి పూలు! ఒక బుట్ట ఎత్తిపెట్టి ఉంటే ఏం పొయ్యేది? ఇంట్లో ఆడోళ్ళు లేరా నీకు?"

రైతు టోపీ తీశాడు. వాళ్ళ భాషలో ఏదో నెమ్మదిగా చెప్పాడు. ఆమె మళ్ళీ తెలుగులో చీవాట్లు పెట్టింది. ఆయన తల ఊపి, చేను చూపించి, తన నడుం మీద చెయ్యి పెట్టుకుని ఇంకేదో చెప్పాడు. "ఆమా, నిజమే, వొంగి వొంగి నడుము పోతాది, నాకు తెలీదా" అంది ఆమె. మధ్యలో నా అవసరం ఎవరికీ కలగలేదు.

అప్పుడు మేస్త్రి నా వైపు తిరిగాడు.

"ఏమప్పా! చేనే ఫ్రిజ్ అంటివి!"

నేను చేతులు కట్టుకున్నాను. ఇదే అదను అనుకున్నాను. "మేస్త్రీ, తప్పు నాది. నాకు ముందే తెలుసు. ఏప్రిల్ దాటితే ఉండవని తెలిసి కూడా, నేను రావాలన్న ఆశతో ఉంటాయని చెప్పాను. మీ అక్కకు మీరిచ్చిన మాట నా వల్లే పోయింది."

కూర్చుకుని కూర్చుకుని దాచిపెట్టిన మాటలు. చెప్పేశాక నేల చీలుతుందనుకున్నాను. చీలలేదు. మేస్త్రి తిట్టడం మొదలుపెట్టాడు. నా వంశం, నా ఆఫీసు, మెట్ల కింద టీ కొట్టు, ఏదీ వదల్లేదు. మండీ ఆయన అందుకున్నాడు. ఆయన అలిసిపోతే భార్య అందుకుంది, కుక్కరు సంగతి మళ్ళీ తెచ్చింది. బంధువులు తలా ఒక మాట వేశారు. నేను తల వంచుకుని వింటున్నాను. వింటుంటే నాకు ఒక వింత సంగతి తట్టింది. ఇంత తిడుతున్నారు కానీ ఒక్కరి ముఖంలోనూ దిగులు లేదు. పొద్దుటి నుంచీ బిగుసుకుని ఉన్నవాళ్ళు కాస్తా బుగ్గలు ఎర్రబడి, చేతులు తిప్పుతూ, హాయిగా ఉన్నారు. తిట్టి తిట్టి ఆకలేసి, పులిహోర పొట్లాలు మళ్ళీ విప్పారు. నాకు కూడా ఒకటి ఇచ్చి, తినేటప్పుడూ తిట్టారు.

అక్క అక్కడ లేదు. వెతికితే రోడ్డు అవతల, నీళ్ళ కాలవ గట్టు మీద కనిపించింది. ఆ గట్టంతా నడుమెత్తు పిచ్చి మొక్కలు. కొసన గొడుగు విప్పినట్టు తెల్లటి సన్న పూల గుత్తులు. గట్టు పొడుగునా, కనిపించినంత దూరం, ఇటు పక్కా అటు పక్కా అవే. వాటి కింద పసుప్పచ్చటివి ఇంకేవో. గాలి వస్తే గట్టే కదిలినట్టుంది. ఆమె వాటి మధ్యలో కూర్చుంది, తల మాత్రం పైకి కనిపిస్తోంది.

"ఇవి ఎవురివి నాయనా?"

"ఎవరివీ కావక్కా. కలుపు మొక్కలు."

"ఎవురూ కొయ్యరా?"

"కోయరు. ఎందుకు కోస్తారు?"

ఆమె చెయ్యి చాపి ఒక గుత్తిని తాకింది, తుంచలేదు.

నేను ఉండబట్టలేకపోయాను. "అక్కా, నన్ను క్షమించండి. నాకు తెలిసే..."

"అదే పాట ఎన్ని తూర్లు పాడతావప్పా? మాకందరికీ తెలుసు."

"ఏం తెలుసు?"

"పూలు ఉండవని. మా తమ్ముని కూతురు తిరునాళ్ళకు ముందే సెల్లులో చూపించినాది. ఆ మండీ ఆయనకూ తెలుసు. మా తమ్మునికి తెలీదనుకున్నావా? వాడు సెల్లు చేతిలో పెట్టుకోనే నిద్రపోతాడు."

"మరి ఎందుకు వచ్చారక్కా?"

"ముందర వద్దామంటే వాని సెంట్రింగు. తరవాత వద్దామంటే కాపు. పూలు ఉండవు, పోవద్దు అని ఎవురో ఒకరు నోరు తెరిచి చెప్పల్ల. చెప్తే ఏమయితాది? అమ్మవారి వల్ల పూలు పోయినాయి అని చెప్పినట్టు అయితాది. ఎవురు చెప్తారప్పా ఆ మాట? నువ్వు ఉంటాయి అంటివి. అందురమూ సరే అంటిమి."

"మరి ఇప్పుడు ఇంత తిడుతున్నారు?"

ఆమె నన్ను జాలిగా చూసింది. "నిన్ను తిట్టకుంటే ఎవుర్ని తిట్టల్ల నాయనా? గంగమ్మనా?"

సరిగ్గా అప్పుడు మేస్త్రి రోడ్డు దాటి వచ్చాడు. అక్కను ఆ పూల మధ్య చూసి ఆగిపోయాడు. కాస్త తటపటాయించి, గుత్తి ఒకటి తెంపి ఇవ్వబోయాడు. ఆమె చేతి మీద చెళ్ళున కొట్టింది.

"కొయ్యొద్దురా! చూడు, చాలు."

అంత పెద్ద కాంట్రాక్టరు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చూశాడు. ఆ తర్వాత పెద్దగా తుమ్మాడు. బస్సెక్కేదాకా తుమ్ముతూనే ఉన్నాడు. ఎక్కాక, తుమ్ముకూ తుమ్ముకూ మధ్య నన్ను తిట్టడం ఆపిన చోట నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు.

తిరిగి వచ్చాక ఎదురు సీటు ఆయనకు అంతా చెప్పాను, ఆయనకు ఆడిన అబద్ధంతో సహా. ఆయన విని, "అప్పుడు మీరు చేసింది తప్పా, ఒప్పా సార్?" అన్నాడు. తప్పే అన్నాను. ఇప్పుడూ అదే అంటాను. నా అబద్ధం వాళ్ళకు పనికొచ్చింది కదా అని అది మంచి పని అయిపోదు. నేను దాన్ని వాళ్ళ కోసం ఆడలేదు. బూట్లు వేసుకుని హాల్లో నడుస్తున్న ఆమెను చూసి కూడా నోరు విప్పనివాణ్ణి. ఆమెకు ముందే తెలుసు అన్నది ఆమె గొప్ప, నా గొప్ప కాదు.

అందుకే ఇక ఎవరికీ నెల విషయంలో అబద్ధం చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఒట్టును పరీక్షించడానికి వచ్చింది కూడా మేస్త్రే. మరుసటి ఏడు ఆఫీసుకు స్వయంగా వచ్చాడు.

"ఉత్తరాన ఏదో దేశంలో ఆకాశంలో పచ్చగా వెలుగులు ఆడతాయంట గదప్పా. అక్క సెల్లులో చూసినాది. పోదాము."

"తప్పకుండా మేస్త్రీ. డిసెంబరులో పోదాం."

"అప్పుడు అయ్యప్ప మాల వేస్తా."

"ఫిబ్రవరి?"

"ముహూర్తాలు. ఇండ్లు అప్పజెప్పల్ల. శిరసు అయినాక మర్నాడే పెట్టు, మనకు అలవాటే గదా."

నేను ఊపిరి తీసుకున్నాను. "మే నెలలో ఆ వెలుగులు కనపడవు మేస్త్రీ. చీకట్లోనే కనిపిస్తాయి. అంత ఉత్తరాన ఆ నెలలో చీకటే పడదు."

ఆయన ముఖం మారింది. నేను ఆయన ఇంటి గోడ ఒరిగిందన్నట్టు చూశాడు.

"చీకటి పడకుండా యాడన్నా ఉంటాదాప్పా?"

"అక్కడ ఉంటుంది మేస్త్రీ."

"పోయిన తూరి బాగా మాట్లాడితివే. ఇప్పుడు ఏమయింది నీకు?" అని లేచి వెళ్ళిపోయాడు. వేరే ఆఫీసులో ఎవరో ఆ నెలలోనూ వెలుగులు ఉంటాయన్నారట. అక్కడ టికెట్లు తీసుకున్నారు. మా ఓనరు నాతో చాలారోజులు మాట్లాడలేదు. ఆ ఏడే నేను రిటైరయ్యాను.

వైకాశి మొదటి వారంలో ఒక పొద్దున కాఫీ తాగుతుంటే ఫోన్ మోగింది. అక్క. వెనక మేస్త్రి గొంతు ఉరుముతోంది. రాత్రంతా ఆకాశం కేసి చూస్తూ మేలుకున్నారట. ఎండ కొడుతూనే ఉందట.

"బాగున్నారా అక్కా?"

"నాకేమప్పా, సముద్రం గట్టున కూర్చోనుండా. పాపం, ఇక్కడ మాతో వచ్చినాయన కొత్త. నిలబడేది తెలీదు. మా తమ్ముడు ఒకటంటే ఆయన రెండు మారుమాట చెప్తా ఉండాడు. మోడం మూసినాది అంటాడు, గాలి అంటాడు. మా వానికి తిట్టినట్టే లేదంట, ఆకలే అవడంలేదంట. నువ్వైతే బాగా నిలబడితివి నాయనా."

నా ఉద్యోగంలో నన్ను ఎవరైనా మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. గొంతు సవరించుకున్నాను.

"అక్కా, ఆయనకు నేను చెప్పానని చెప్పండి. చేతులు జేబుల్లోంచి తీయమనండి. తల కాస్త వంచమనండి. మేస్త్రి ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, అవును మేస్త్రీ అనమనండి, అంతే."

ఆమె ఫోను పక్కకు పెట్టి, అంత దూరాన, ఆ ఎండలో, నా మాటలు ఒక్కొక్కటే గట్టిగా ఆయనకు చెప్పడం నాకు వినిపించింది.